పన్నెండో అంశంలో పదమూడో అంశం

మా ఊరి పార్కును మున్సిపాలిటీ వాళ్లు ఎంత జాగ్రత్తగా కాపాడుతున్నారంటే, అందులో ఇంతవరకు ఒక్క పిల్లోడు కూడా కడుపునిండా ఆడుకోలేకపోయాడు. ఇది మామూలు ఘనత కాదు. మాది నెల్లూరు జిల్లాలో ఒక పట్నం. పేరు చెప్పను. చెబితే నాకు సన్మానం చేస్తారేమోనని భయం. మా దగ్గర సన్మానమంటే శాలువా కప్పి, మూడు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి, మన గురించి తప్ప మిగతా అందరి గురించీ మాట్లాడతారు.

రాజ్యాంగానికి 74వ సవరణ చేసి 1993 జూన్ 1 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు, మున్సిపాలిటీలకు అప్పజెప్పదగ్గ పనులని 18 అంశాలు రాసిపెట్టారు. దాన్ని పన్నెండో షెడ్యూలు అంటారు. అందులో 12వ అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాలు. 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం. 14వది శ్మశానాలు. 15వది బందెలదొడ్లు, అంటే ఊరి మీద పడ్డ పశువుల్ని కట్టేసే చోట్లు. కళలకు ఒక పక్క పార్కును, ఇంకో పక్క శ్మశానాన్ని కూర్చోబెట్టిన ఆ మహానుభావులెవరో గాని, కళాకారుడి జీవితం వాళ్లకు క్షుణ్ణంగా తెలుసు. ఆ తర్వాత బందెలదొడ్డి ఎందుకొచ్చిందో నాకు మొదట్లో అంతుపట్టలేదు. సాయంత్రం పూట మా పార్కులో బర్రెల్ని చూశాక అర్థమైంది. బోర్డు చదవడం రాని జీవాలకు అక్కడ ప్రవేశం ఉంది.

ఆ బోర్డు గేటు పక్కనే ఉంటుంది. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. మిగతా టైములో పార్కు విశ్రాంతి తీసుకుంటుంది. ఎండాకాలం చెట్టు నీడ కావాలనిపించేది సరిగ్గా ఆ మిగతా టైములోనే గనక, నీడ అనవసరంగా ఖర్చయిపోకుండా మిగులుతుంది. టైముల కింద పదకొండు వాక్యాలు. అన్నీ 'రాదు'తోనే ముగుస్తాయి. గడ్డి మీద నడవరాదు, పూలు కోయరాదు, బంతి ఆడరాదు, తినుబండారాలు తేరాదు, గుంపులుగా కూర్చోరాదు, ఇట్లా. అంత్యప్రాసను ఇంత నిలకడగా పాటించిన కవిని నేను ఈమధ్య చూళ్లేదు. నడవరాదన్న గడ్డి పోయి రెండేళ్లయింది. బోర్డుకు మాత్రం ఏటా రంగు పడుతుంది. ఇప్పుడక్కడ ఉన్నది ఎర్రమట్టి. దాని మీదన్నా నడవొచ్చా అని వాచ్‌మన్‌ని అడిగితే, "గడ్డి మొలిచిందాకా ఆగు సామీ, అప్పుడు తేలుస్తారు" అన్నాడు.

ఓపెన్ జిమ్ కూడా పెట్టారు. వాచ్‌మన్ భార్య ఆ కడ్డీల మీద చీరలు ఆరేస్తుంది. అవి రోజూ పనికొస్తున్నది ఆ ఒక్కదానికే.

ఫౌంటెన్ సంగతి వేరు. ప్రారంభోత్సవం రోజున అది ఇరవై నిమిషాలు ఎగిరింది. రంగురంగుల లైట్లు, వెనకాల పాట, రిబ్బన్ కత్తిరించిన చేతుల మీద తుంపర. తర్వాత మోటారు కాలింది. నీళ్లు నిలిచాయి, దోమలొచ్చాయి. దోమల వెనక మలేరియా విభాగం వాళ్లొచ్చి గంబూసియా చేపలు వదిలారు. దోమపిల్లల్ని తినే చేపలవి, వేలెడు కూడా ఉండవు. మొత్తం జిల్లాలో పులుసు పెట్టాలని ఎవరికీ బుద్ధి పుట్టని చేప ఇదొక్కటే గనక అవి అక్కడ క్షేమంగా ఉన్నాయి. పిల్లలు గట్టు మీద కూర్చుని వాటిని చూస్తుంటారు. వాళ్లకు దొరికే వినోదం అది. ముగ్గురికి మించి కూర్చుంటే మళ్లీ బోర్డులో ఐదో వాక్యం అడ్డొస్తుంది.

మాకున్నది ఈ ఒక్క పార్కేనని అనుకునేరు. కాగితం మీద బోలెడున్నాయి. లేఅవుటు వేసిన ప్రతివాడూ మొత్తం స్థలంలో 10 శాతం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలని రూలు. రాసిస్తారు కూడా. మొదట అక్కడ చిల్లకంప ఉంటుంది. ఒక చవితికి కంప కొట్టి వినాయకుణ్ని నిలబెడతారు. నిమజ్జనం అయిపోతుంది, పందిరి గుంజలు పీకడం మర్చిపోతారు. మరుసటి ఏడాదికి గుంజల మీదికి రేకులొస్తాయి, రేకుల కిందికి హుండీ వస్తుంది. ఇంకో లేఅవుటులో నీళ్ల ట్యాంకు లేస్తుంది, మరో దాంట్లో ఎవరో పెద్దమనిషి కారు షెడ్డు. 1991లో బెంగళూరు కేసొకటి సుప్రీంకోర్టు దాకా పోతే, పార్కు కోసం ఉంచిన జాగాను ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం కుదరదని తీర్పు చెప్పారు. మా ఊరు ఆ తీర్పును అక్షరాలా పాటిస్తోంది. ఇవాళ్టికీ మా పార్కు స్థలాల్లో ఒక్కదాంట్లోనూ నర్సింగ్ హోము లేదు.

డబ్బుల సంగతి పెద్దగా చెప్పుకునేది లేదు. పట్నాల సౌకర్యాల కోసం కేంద్రం 2015లో తెచ్చిన అమృత్ పథకంలో పార్కులకూ ఒక వాటా పెట్టారు, మొత్తం ప్రాజెక్టు ఖర్చులో 2.5 శాతానికి మించకుండా. టీ కొట్టు దగ్గర ఈ లెక్క చెబితే, పక్కనున్న భాయ్ గ్లాసు కింద పెట్టి "జకాత్ లెక్క గదన్నా ఇది" అన్నాడు. ముస్లింలు ఏటా ఇచ్చే దానం కూడా నూటికి రెండున్నరే. పార్కు మన హక్కేమో అనుకుని ఇన్నాళ్లూ అనవసరంగా టెన్షన్ పడ్డాను. దానమని తెలిశాక మనసు తేలికపడింది.

ఇక కళలు. ఊళ్ల శుభ్రతకు కేంద్రం వేసే స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కుల సీజన్ రాగానే మా ఊళ్లో కళలు గోడలెక్కుతాయి. పార్కు ప్రహరీ మీద కోలాటం వేయించారు. ఎనిమిది మంది ఆడవాళ్లు, ఎర్ర చీరలు, ఆకుపచ్చ జాకెట్లు. ఎడమ నుంచి మూడో ఆవిడ కోల పట్టుకున్న చేతికి ఆరు వేళ్లున్నాయి. ఏడో ఆవిడ దగ్గరికొచ్చేసరికి కాంట్రాక్టరు గడువు ముగిసిందో ఏమో, ముఖానికి కళ్లు పెట్టలేదు. ఆవిడ పాదాల దగ్గర 'ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు' అని ఉంది. ఒకప్పుడు ఇదే గోడకు వెంకన్న, ఏసుప్రభువు, మక్కా బొమ్మలున్న టైల్స్ వరసగా అతికించి ఉండేవి. ముగ్గురూ కలిసి ఆ కాపలా కాసేవాళ్లు. ఇప్పుడు వాళ్లను తప్పించి డ్యూటీ జానపద కళలకు వేశారు. జానపద కళలకు ఉపాధి లేదని వ్యాసాలు రాసేవాళ్లు ఒకసారి వచ్చి చూడాలి. పైగా గోడ మీది కళాకారులకు టీ అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, దారిఖర్చులు అసలే అక్కర్లేదు.

అసలు కోలాటం వాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఇరవై మంది దాకా. రాత్రి ఎనిమిదిన్నరకు వంటలూ అంట్లూ ముగించుకుని తారు రోడ్డు మీదికి వస్తారు, పార్కు ఎనిమిదికే మూస్తారు గదా. బైకు వచ్చినప్పుడల్లా పక్కకు జరిగి, పోగానే మళ్లీ కలుస్తారు. అలవాటు మీద వాళ్ల ఆటలో ఒక కొత్త అడుగు చేరింది. హారన్ మోగగానే కోల ఆగకుండా ఇరవై మందీ ఒకేసారి ఎడమకు జరుగుతారు. చాలా బాగుంటుంది. మున్సిపాలిటీ పుణ్యాన పుట్టిన కొత్త కళ ఏదైనా ఉంటే అదే.

ఇట్లాంటి ఊళ్లో నాకొక దుర్బుద్ధి పుట్టింది. 12వ అంశమూ 13వ అంశమూ పక్కపక్కనే ఉన్నాయి కదా, ఒక్క రాత్రికి ఒకదాంట్లో ఇంకోటి పెట్టి చూద్దామని. పార్కులో తోలుబొమ్మలాట. ఉదయగిరి వైపు ఒక పెద్దాయన ఉన్నాడంటే మా చిన్నోణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన పెట్టె తెరిచి, బొమ్మల్లోంచి హనుమంతుణ్ని బయటికి లాగి దీపానికి అడ్డం పెట్టాడు. మేకతోలు మీద ఎరుపూ ఆకుపచ్చా మెరిశాయి. నగలున్న చోట పొడిచిన సన్న చిల్లుల్లోంచి వెలుగు కారింది. పెద్దాయన మణికట్టు కదిలిందో లేదో గాని, తోక ఒక్కసారి ఆడింది. మా వాడు ఎవరూ చెప్పకుండానే ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఏ కథ కావాల సామీ?" అన్నాడు పెద్దాయన.

సుందరకాండ అన్నాను. అక్కడే తప్పు చేశాను.

దరఖాస్తు టప్పాల్లో ఇచ్చాను. పార్కు ఇంజనీరింగ్ సెక్షన్‌ది గనక మొదట అక్కడికి వెళ్లింది. 'ఇందులో సివిల్ వర్కు లేదు' అని రాసి రెవెన్యూకు పంపారు. రెవెన్యూ వాళ్లకు అద్దె నిర్ణయించాలి. అందుకు ప్రోగ్రాం పెళ్లో, పుట్టినరోజో, పార్టీ మీటింగో తేలాలి. సీతారాములున్నారు కాబట్టి పెళ్లి కింద వేద్దామన్నాడు ఒకాయన. ఈ కాండలో వాళ్లిద్దరూ విడివిడిగా ఉన్నారు, పెళ్లెట్టా అవుతుందన్నాడు ఇంకొకాయన. రెండోవాడు చదువుకున్నవాడు. ఫైలు అక్కడ పదహారు రోజులుంది. జనం వస్తే చెత్త వస్తుంది గనక తర్వాత శానిటేషన్‌కు వెళ్లింది. అక్కడి అధికారి మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. కథ రెండు ముక్కల్లో రాసివ్వమంటే అక్కడే కూర్చుని రాశాను. హనుమంతుడు సముద్రం దాటి, అశోకవనంలో సీతమ్మను చూసి, వనం ధ్వంసం చేసి, లంక తగలబెట్టి తిరిగొచ్చును. ఆయన ఎర్ర పెన్ను తీసి ఒక మాట కింద గీత గీశాడు.

"వనమంటే పార్కే గదండీ?"

"అంతే సార్."

"పార్కును ధ్వంసం చేసేది పార్కులోనే చూపిస్తారు. చెట్లు పీకేది, కొమ్మలు విరిచేది. పిల్లలు చూస్తారు."

"రామాయణం సార్."

"నాకు తెలీదా అండీ, పొద్దున లేస్తే చదువుతా. కాని ఫైలు మీద సంతకం నాది."

కాసేపు ఆలోచించి ఆయనే దారి చూపించాడు. హనుమంతుడు వనంలోకి వచ్చి చెట్లు పీకే బదులు మొక్కలు నాటినట్టు మార్చుకుంటే, పచ్చదనం ప్రచారం కింద ఖర్చు కూడా పెట్టిస్తానన్నాడు. ఆ రాత్రి పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సంజీవని ఒక్క మొక్క తెమ్మంటే కొండంతా పీక్కొచ్చినోడు సామీ. ఆయన నాటతాడా?" అన్నాడు.

లంకాదహనం ఉంది కాబట్టి అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలన్నారు. తెర వెనక ఎర్రతోలు ఊపడమే మంట అని చెప్పాను. అది కూడా రాతపూర్వకంగా ఇమ్మన్నారు. మైకుకు పోలీసుల అనుమతి. 2000 సంవత్సరం నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు మోగకూడదు. మంచి రూలే, మా పక్కింట్లో బారసాల జరిగిన రాత్రి దాని విలువ నాకు తెలిసొచ్చింది. కాని తోలుబొమ్మలాట తెల్లవార్లూ ఆడే ఆట. "జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి ఊరందర్నీ ఒక చుట్టు తిట్టి పొయ్యేసరికే పదవుతుంది సామీ" అని పెద్దాయన లెక్క కట్టాడు. వాళ్లిద్దరూ ఆటలో జనాన్ని నవ్వించే బొమ్మలు. అప్పటికి హనుమంతుడు సముద్రం మీద సగం దూరంలో ఉంటాడు. మైకు కట్టేస్తే ఆయన ఎక్కడ దిగాలో ఏ నియమంలోనూ రాయలేదు.

కళాకారుడు అధికారం గడప తొక్కడం ఈ నేలకు కొత్తేమీ కాదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరేలిన మనుమసిద్ధి గద్దె పోగొట్టుకుంటే, తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్లి, గణపతిదేవ చక్రవర్తికి భారతం వినిపించి, సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చాడని చెబుతారు. ఒకటి గమనించండి. పద్దెనిమిది పర్వాలు రెండు ముక్కల్లో రాసివ్వమని చక్రవర్తి అడగలేదు. అంత పాతకాలమెందుకు, ఎస్పీ బాలుగారి నాన్న సాంబమూర్తిగారు నెల్లూరులో హరికథలు చెప్పిన మనిషి. రుక్మిణీ కల్యాణం ఏ పద్దు కిందికి వస్తుందో ఆయన్ని అడిగినట్టు ఎక్కడా వినలేదు. బాలుగారు పోయాక, అదే 2020లో, నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. మంచి పని. మనిషి పోయాక మన దగ్గర ఫైళ్లు బాగానే నడుస్తాయి. 13 దాటి 14లోకి రావడమే ఆలస్యం.

ఇక ఆఫీసుల్లో పని కాదనిపించి, మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గాకు వెళ్లాను. రొట్టెల పండుగ తెలుసు గదా. కోరిక తీరినవాళ్లు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు, తీరితే మళ్లీ ఏడు వాళ్లే వచ్చి ఇస్తారు. మోకాళ్ల లోతు నీళ్లు, నెత్తిన కొంగు కప్పుకున్న ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. "ఉద్యోగం రొట్టె!" అని ఒకరు, "పెళ్లి రొట్టె!" అని ఒకరు, "చదువు రొట్టె!" అని ఇంకొకరు అరుస్తున్నారు. నేనూ ప్యాంటు పైకి మడిచి, గొంతు సవరించుకుని, "పార్కు రొట్టె!" అన్నాను.

ఎవరూ పలకలేదు. రెండోసారి అరిచాను. అంత జనంలో పార్కు కోరిక తీరిన మనిషి ఒక్కడూ ఉన్నట్టు లేడు. అరగంట తర్వాత పక్కనున్న ఒకతను జాలిపడ్డాడు.

"ఏం పార్కన్నా?"

చెప్పాను. ఎర్ర పెన్ను గీత దాకా అంతా విన్నాడు. చేతిలో రొట్టెను సగానికి తుంచాడు.

"నాది ఇల్లు రొట్టె. మూడేళ్లు తిరిగితే ప్లాను అప్రూవలయింది. అదీ మున్సిపాలిటీ పనే గదా, తిని చూడు."

తిన్నాను. మహిమ లేదని నేననను. సోమవారానికల్లా ఫైలు శానిటేషన్ నుంచి కదిలింది. ఇప్పుడు టౌన్ ప్లానింగ్‌లో ఉంది. తెరకు నాలుగు వైపులా సెట్‌బ్యాక్ ఎంత వదులుతారో గీసివ్వమన్నారు. లంకకు ప్లాను ఉందా అని కూడా అడిగారు.