బుల్లెట్ రైలు చిత్తూరు మీదుగా వస్తే వడ్డీ కట్టేదెవరు?

చెన్నై–బెంగళూరు–మైసూరు హైస్పీడ్ కారిడార్ ప్రతిపాదన పొడవు 435 కిలోమీటర్లు. చిత్తూరు మీదుగా అనగానే మన దగ్గర స్టేషన్ ఎక్కడ, చుట్టుపక్కల సెంటు ధర ఎంత అన్న మాటలే వినిపిస్తున్నాయి. ముందు తేల్చాల్సింది అప్పు సంగతి.

ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు లైను 508 కిలోమీటర్లకు 2015 నాటి అంచనా 1.08 లక్షల కోట్లు. కిలోమీటరుకు దాదాపు 213 కోట్లు. పదేళ్ల కిందటి ఆ రేటుకే లెక్కగట్టినా మన కారిడార్‌కు 92 వేల కోట్లు కావాలి. 7 శాతానికి అప్పు తెస్తే వడ్డీ ఒక్కటే ఏడాదికి 6,440 కోట్లు, రోజుకు 17 కోట్ల పైచిలుకు. సగటు టికెట్ 1,500 అనుకుందాం. కరెంటు, జీతాలు, మెయింటెనెన్స్‌కు సగం పోగా మిగిలేది 750. వడ్డీకి సరిపోవాలంటే రోజూ 2.35 లక్షల మంది ఎక్కాలి. అంటే 750 సీట్ల రైళ్లు 314, ఒక్క సీటూ ఖాళీ లేకుండా నడవాలి. అప్పటికీ అసలులో పైసా తీరదు.

ముంబై లైనుకు జపాన్ ఆ అంచనా ఖర్చులో 81 శాతాన్ని 0.1 శాతం వడ్డీకి, 50 ఏళ్ల గడువుతో అప్పుగా ఇవ్వడానికి ఒప్పుకుంది కాబట్టి ఊపిరాడుతోంది. ఆ బాకీ కూడా యెన్‌లలోనే. రూపాయి పడిపోతే అసలు బరువు పెరుగుతుంది. 2007లో హైస్పీడ్ రైళ్లు మొదలైన తైవాన్‌లో వడ్డీ, తరుగుదల భారం మోయలేక ప్రైవేటు కంపెనీ చతికిలపడింది. 2009లో యాజమాన్యం ప్రభుత్వం చేతికి వచ్చింది. బీజింగ్–షాంఘై లైను లాభాల్లో ఉందంటే, రెండు చివరలా రెండేసి కోట్లు దాటిన జనాభా ఉంది.

ఇప్పుడు కాట్పాడి–తిరుపతి లైను మీదున్న పాకాల స్టేషన్‌కు రండి. ఎదురు బండి దాటేదాకా ప్యాసింజర్ లూప్‌లైన్‌లో, అంటే స్టేషన్‌లోని పక్క పట్టా మీద నిలబడుతుంది. కాట్పాడి నుంచి తిరుపతి దాకా సింగిల్ లైన్ కావడమే కారణం. ఇంజిన్‌కు ఎంత వేగం ఉన్నా క్రాసింగ్ దగ్గర అది పనికిరాదు. ఈ 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు, అంటే పక్కన రెండో లైను వేయడానికి, 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన మొత్తం 1,332 కోట్లు. కిలోమీటరుకు 13 కోట్ల లోపే. ఒక కిలోమీటరు బుల్లెట్ లైను డబ్బుతో 16 కిలోమీటర్ల రెండో లైను వస్తుంది. దాని మీద గూడ్సు కూడా నడుస్తుంది. హైస్పీడ్ లైను మీద మామూలుగా గూడ్సు నడపరు, రాత్రిళ్లు ట్రాక్ పనులకే వదిలేస్తారు. మన ప్రాంతానికి ముందు కావాల్సింది ఈ డబ్లింగే, అదీ గడువులోగా.

గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, చిక్కు ఇంకొకటి. ముంబై లైను 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్, మన పట్టాలు 1,676. ఇక్కడా ముంబై గేజే వేస్తే బుల్లెట్ రైలు తిరుపతి స్టేషన్‌లోకి రాలేదు. బెంగళూరు నుంచి వచ్చే భక్తుడు చిత్తూరులో దిగి మరో 70 కిలోమీటర్లు రావాలి. స్టేషన్‌ను ఊరికి దూరంగా, బైపాస్ పక్కన పొలాల్లో కడితే, రైల్లో మిగిలిన గంటలు ఆటోకీ బస్సుకీ పోతాయి. ఆ అవస్థ పడేకంటే బెంగళూరులో ఎక్కి నేరుగా తిరుపతిలో దిగే బస్సే మేలనుకుంటాడు. కొత్త స్టేషన్ కట్టేదైతే పాత కాట్పాడి లైనును ఆనుకునే కట్టాలి. ఒక ప్లాట్‌ఫారం దిగి పక్క ప్లాట్‌ఫారం మీద తిరుపతి బండి ఎక్కేలా ఉండాలి. భూసేకరణ నోటీసులు రాకముందే జిల్లా ప్రజాప్రతినిధులు పట్టుబట్టాల్సింది దీని కోసమే.