తెల్లసొనతో హెడ్ గాస్కెట్ అతుక్కోదు

పికప్ డ్రైవర్ల ఫోన్లలో ఒక సందేశం నెలల తరబడి తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. దాని సారాంశం ఇది: ‘సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టే. మెకానిక్ హెడ్ దించాలంటాడు, నమ్మవద్దు. ఇంజిన్ వేడి మీద ఉండగానే రేడియేటర్ మూత తీసి రెండు గుడ్ల తెల్లసొన గానీ, సీసాలో దొరికే సీలర్ గానీ పోసి అరగంట నడపండి, అతుక్కుంటుంది. థర్మోస్టాట్ తీసి పారేయండి, ఇక వేడెక్కదు. ఒకవేళ హెడ్ దించినా కొత్త గాస్కెట్ వేసి పాత బోల్టులే గట్టిగా బిగిస్తే చాలు. కూలెంట్ దండగ, నీళ్ళు చాలు.’

డీజిల్ ఇంజిన్లు విప్పి బిగించడమే నా వృత్తి. ఇంజిన్ బ్లాక్‌కూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య నీళ్ళు, ఆయిల్, సిలిండర్ గ్యాసు కలవకుండా ఆపే పలుచని పొరే హెడ్ గాస్కెట్. ఈ సందేశం నమ్మి బండి పాడుచేసుకున్నవాళ్ళను చూశాను కాబట్టి రాస్తున్నాను. అన్నిటికంటే ముందు మనిషి ఒళ్ళు కాల్చే మాట సంగతి చెప్పాలి.

వేడి మీద మూత తీయమనడం నేరం. రేడియేటర్ మూత లోపలి నీటిని సుమారు 1 బార్ అదనపు ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్లే నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గాస్కెట్ పోయిన బండిలో సిలిండర్ గ్యాసు కూడా నీళ్ళలోకి తోసుకొస్తుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. మోచేతి నుంచి మెడ దాకా చర్మం ఊడిన ఒక క్లీనర్ కుర్రవాణ్ణి నా చేతులతో ఆటో ఎక్కించాను. పై హోస్ పైపు నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా మూత జోలికి వెళ్ళకండి. లోడు ఆలస్యమైతే అవనివ్వండి.

ఇక తెల్ల పొగ. చలికాలం ఉదయం స్టార్ట్ చేయగానే వచ్చి, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోయేది ఉత్త ఆవిరి. కళ్ళు మండించి, పచ్చి డీజిల్ వాసన కొట్టే తెల్ల పొగ అయితే డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గరో, చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి వేడినిచ్చే గ్లో ప్లగ్ దగ్గరో వెతకాలి. కూలెంట్ కాలినప్పుడు వచ్చే పొగ కాస్త తియ్యటి వాసనతో, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంది. అది కూడా గాస్కెట్‌కే సాక్ష్యం కాదు. ఈ మధ్య డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ ఉంటోంది, అంటే కొంత పొగను కూలెంట్‌తో చల్లార్చి మళ్ళీ ఇంజిన్‌లోకి పంపేది. అది లోపల చిట్లితే కూలెంట్ నేరుగా గాలి దారిలోకి పోతుంది. పొగ తెల్లగానే వస్తుంది, నీళ్ళు తగ్గుతూనే ఉంటాయి, గాస్కెట్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. హెడ్ దించాక ఆ సంగతి తెలిస్తే పోయిన కూలి ఎవరూ తిరిగి ఇవ్వరు.

అందుకే విప్పకముందే పరీక్షించాలి. రాత్రంతా చల్లారిన బండికి ఉదయాన్నే మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. కొత్తగా నీళ్ళు పోసిన బండిలో మొదట కాసేపు బుడగలు రావడం మామూలే. ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఎక్కువైతే అనుమానించాలి. మూత పెట్టి స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే, పై హోస్ రాయిలా బిగుసుకుంటే అది మరింత గట్టి గుర్తు. చల్లటి ఇంజిన్‌కు చేతి పంపుతో మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి పెట్టి వదిలేస్తే, బయట ఎక్కడా తడి లేకుండా పంపు మీటరు ముల్లు దిగిపోతుందా అన్నది తెలుస్తుంది. అలా దిగితే గ్లో ప్లగ్‌లు గానీ నాజిళ్ళు గానీ తీశాకే సెల్ఫ్ కొట్టాలి. నీరు చేరిన సిలిండర్ రంధ్రం నుంచి తుంపరలు చిమ్ముతాయి. అవి తీయకుండా తిప్పారో, నీరు నొక్కుడు పడదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో చూసినప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలోనూ తక్కువగా వస్తే, మధ్యలో గాస్కెట్ కాలిందనే అనుమానించాలి. రేడియేటర్ గ్యాసుకు రంగు మారే నీలి ద్రావకం పరీక్ష కూడా ఉంది, కానీ డీజిల్ పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి రంగు మారలేదని గాస్కెట్ బాగుందనుకోవద్దు. ఆయిల్ మూత కింద కాస్త మీగడ కనబడితే కంగారు పడనక్కరలేదు, దగ్గర దూరాలు తిరిగే బండిలో చెమ్మకు అది మామూలే. డిప్ స్టిక్ మీది ఆయిలే పాలు కలిపిన టీ రంగుకు మారితే బండి కదిలించకండి. అయితే ఆయిల్ కూలర్ పోయినా నీళ్ళు, ఆయిల్ కలుస్తాయి.

పరీక్ష చేయకుండానే హెడ్ దించమనే మెకానిక్‌లు ఉన్నారు, నిజమే. సందేశంలో నేను ఒప్పుకునేది ఆ ఒక్క అనుమానాన్నే. ఏ పరీక్షలో ఏమి తేలిందో చూపించమని అడగండి. అది మీ హక్కు.

తెల్లసొన 80 డిగ్రీల లోపే గడ్డకడుతుంది, అందుకే అది పనిచేస్తుందనిపిస్తుంది. కానీ మండేటప్పుడు డీజిల్ సిలిండర్‌లో ఒత్తిడి 100 బార్ దాటుతుంది. ఉడికిన గుడ్డు పొర దాన్ని ఆపగలదా? అది పోయి చేరేది రేడియేటర్ సన్నటి గొట్టాలలో. సీసా సీలర్లలో చాలావాటికి ఆధారం సోడియం సిలికేట్. నీటి దారి దగ్గర చిన్న చెమ్మ కారుతుంటే కొన్నాళ్ళు ఆపుతుంది, కాదనను. అయితే 2009లో అమెరికా ప్రభుత్వం పాత కార్లను తుక్కు చేయించే పథకం పెట్టినప్పుడు, ఆ ఇంజిన్లు మళ్ళీ పనికి రాకుండా చేయడానికి వాడిన మందు కూడా ఇదే. ఆయిల్ తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి నడిపితే ఇంజిన్ నిమిషాల్లో పట్టేసేది. నీళ్ళు ఆయిల్‌లోకి కారుతున్న ఇంజిన్‌లో మీరు రేడియేటర్‌లో పోసిన సీలర్ చేరేది అక్కడికే.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు. దాన్ని పారేయడం కాదు, పరీక్షించాలి. గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టి, దాన్ని దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ ఉంచండి. దాని మీద చెక్కిన అంకె దగ్గర, చాలా ఇంజిన్లలో 80 డిగ్రీలు దాటాక, నోరు తెరవాలి. తెరవకపోతే కొత్తది వేయండి. అసలే లేకుండా చేస్తే ఇంజిన్ చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారి మూతపడక, రేడియేటర్‌కు వెళ్ళకుండానే వేడి నీరు వెనక్కి తిరిగి, లోడు మీద ఇంకా వేడెక్కుతుంది.

‘గట్టిగా బిగిస్తే చాలు’ అన్న మాట నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. చాలా పికప్‌లలో హెడ్ అల్యూమినియం, బ్లాక్ పోత ఇనుము. అల్యూమినియం వేడికి ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. అర మీటరు పొడవు హెడ్ 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.9 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది, కింద బ్లాక్ అందులో సగమే పెరుగుతుంది. ఈ గుంజులాటను రోజూ భరించేది మధ్యలోని గాస్కెట్. బండి ఒకసారి మితిమీరి వేడెక్కితే హెడ్ వంకరపోతుంది. దించిన హెడ్ మీద ఉక్కు బద్ద నిలువునా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి ఉక్కు ఆకులు) దూర్చి చూడాలి. 0.05 మిల్లీమీటర్ల ఆకు జారిపోయిందంటే కంపెనీ ఇచ్చిన పరిమితితో పోల్చాల్సిందే, దాటితే ముఖాన్ని సమంగా చెక్కే ఫేసింగ్‌కు పంపాల్సిందే. ఫేసింగ్‌కు ముందు వాల్వుల మధ్య పగుళ్ళున్నాయేమో ప్రెషర్ పెట్టి చూడమనండి. పగిలిన హెడ్‌కు ఫేసింగ్ కొట్టించడం డబ్బు నీళ్ళలో పోయడమే.

చాలా డీజిల్ ఇంజిన్లకు గాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది. అంచున ఉండే గాట్లో, రంధ్రాలో లెక్కపెట్టి, పిస్టన్ పైకి ఎంత వస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి తగినది వేయాలి. బ్లాక్ ముఖాన్ని గ్రైండర్ డిస్కుతో రుద్దకండి, ఆ పొడి బేరింగులను తినేస్తుంది. బోల్టు రంధ్రాల్లో ఆయిలో నీరో మిగిలితే, బోల్టు దిగేటప్పుడు అది ఎటూ పోలేక బ్లాక్‌నే చీల్చవచ్చు, గాలి కొట్టి ఆరబెట్టాలి. టార్క్ తర్వాత డిగ్రీలు తిప్పి బిగించే బోల్టులు ఒకసారి సాగాక మళ్ళీ అదే పట్టు ఇవ్వవు, కొత్తవి వేయాలి. మధ్య నుంచి అంచులకు, విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. చేతి అంచనా ఎంత అనుభవం ఉన్నా చాలదు, నాది కూడా.

బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నం పేరుకుని వేడి బయటికి పోదు, అల్యూమినియం తినుకుపోతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి.

గాస్కెట్ ఎందుకు పోయిందన్న ప్రశ్న సందేశంలో ఎక్కడా లేదు. కిందటి వేసవిలో ఒక టమాటా బండి మా షెడ్డుకు వచ్చింది. రెండు చోట్ల రెండు గాస్కెట్లు మార్చారు, మధ్యలో గుడ్లు కూడా పోశారు. రేడియేటర్ విప్పితే ఉడికిన తెల్లటి ముక్కలు తీగల్లా వచ్చాయి. ఇంజిన్ ఆపి ఫ్యాన్‌ను వేలితో తోశాను, ఆగకుండా నాలుగు చుట్లు తిరిగింది. ఇంజిన్ వేడెక్కితే ఫ్యాన్‌ను పట్టి తిప్పే విస్కస్ కప్లింగ్ పోయింది. రెండుసార్లు హెడ్ దించినవాళ్ళు ఎవరూ ఆ ఫ్యాన్‌ను ఒక్కసారి తిప్పి చూడలేదు.