మగ్గం ఆపి చూపించిన టైమ్‌కీ కూలి కట్టాలి

పోచంపల్లికి పర్యాటకులు పెరిగితే చేనేత దానంతట అదే బతుకుతుందని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నేను ఒప్పుకోలేను. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఆ ఊరిని ఎంపిక చేసినప్పుడు మా ఇంట్లో అందరం ఎంతో సంతోషించాం. తర్వాత చుట్టాలను వెంటబెట్టుకుని వెళ్లాం. ఒక నేతన్న ఇంట్లో కూర్చుంటే, ఆసు ఎలా పోస్తారో (అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ ఎలా చుడతారో), గీసుకున్న డిజైన్ ప్రకారం నూలుకు రబ్బరు ముక్కలు ఎలా కడతారో, కట్టిన చోట రంగు ఎందుకు అంటదో ఆ ఇంటావిడ ఓపిగ్గా చెప్పారు. అంతసేపూ మగ్గం ఆగింది. మేమేమో ఫొటోలు దిగి, చీరలు దారిలో ఏదో షాపులో కొనుక్కుని వచ్చేశాం. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చేనేతలో కొత్త ఆలోచన అంటే నాకు గుర్తొచ్చేది అదే జిల్లాకు చెందిన చింతకింది మల్లేశం గారే. ఆసు పోస్తూ అమ్మ పడే భుజాల నొప్పి చూడలేక ఆ పని చేసే యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేసేవాళ్ల కష్టం దగ్గర మొదలైన ఆలోచన అది. పర్యాటకం కూడా అక్కడే మొదలవ్వాలి. ముందే టైమ్ బుక్ చేసుకుని, మనిషికి ఇంత అని నేరుగా ఆ ఇంటికే ఇచ్చి, ఒక నూలు చిలపకు (నూలు కట్టకు) మన చేత్తో కట్లు కట్టి చూస్తే చీర ధర ఎందుకంతో అడగాల్సిన పనే ఉండదు. ఏ రోజు ఎంతమంది రావాలో నేత కుటుంబాలే చెప్పాలి. నూనె పట్టించిన నూలుతో తేలియా రుమాలు అనే వస్త్రం నేసే పుట్టపాక ఊరికీ ఇలాగే మనుషులు వెళ్లాలని నా కోరిక.