ఆ జరిమానా కట్టింది మా చిన్నాయన

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు ఆరోసారి వచ్చింది. మొదట కాలనీ గ్రూపులో, తర్వాత ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో. నిన్న రాత్రి మా ఇంటివాళ్ళ గ్రూపులోకే వచ్చింది. పంపింది మా మేనత్త కొడుకు. పైన "తప్పక చదవండి, పది మందికి పంపండి" అని ఉంది. మామూలుగా ఇలాంటివి చూసి వదిలేస్తాను. కానీ ఆ గ్రూపులో మా చిన్నాయన కూడా ఉన్నాడు, అంటే మా బావకు సొంత మేనమామ. ఆయన ఆ మెసేజ్ చూశాడు, ఏమీ అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ. కాగితాలు లేకుండా పనిచేసే వలస కూలీల సమస్యకు అమెరికాలోనైనా గల్ఫ్‌లోనైనా ఒకటే మందు: వాళ్ళకు పని ఇచ్చిన యజమానికి భారీ జరిమానా. ఇన్నేళ్ళూ ఏ ప్రభుత్వానికీ ఆ ధైర్యం లేకపోయింది. కంప్యూటర్ తనిఖీ పెడితే ఒక్కడూ తప్పించుకోలేడు. గల్ఫ్ దేశాలు చేసి చూపించాయి. పని దొరక్కపోతే వాళ్ళంతట వాళ్ళే ఇంటికి పోతారు, దెబ్బ యజమానికే గానీ కూలీకి కాదు. మన తెలుగువాళ్ళకు దీనితో సంబంధం లేదు. పైగా స్థానికుల జీతాలు పెరుగుతాయి.

ధైర్యం సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. అమెరికాలో ఈ చట్టం 1986 నవంబరులోనే వచ్చింది, అప్పటి అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టాడు. తెలిసి పనిలో పెట్టుకున్న యజమానికి మొదటిసారి ఒక్కో మనిషికి 250 నుంచి 2,000 డాలర్లు, పదే పదే చేస్తే 10,000 దాకా. అదే అలవాటుగా పెట్టుకున్నవాడికి ఆరు నెలల వరకు జైలు. ఆ అంకెలు తర్వాత ఇంకా పెరిగాయి. నలభై ఏళ్ళుగా ఉన్న చట్టాన్ని ఇప్పుడే కనిపెట్టినట్టు రాసినవాళ్ళు ఐదు నిమిషాలు వెతికి ఉంటే సరిపోయేది.

మరి నలభై ఏళ్ళలో సమస్య ఎందుకు తీరలేదు? చట్టంలో ఉన్న "తెలిసి" అనే ఒక్క మాట దగ్గర అంతా జారిపోతుంది. పనిలో చేరేవాడు చూపించిన కాగితాలు చూడ్డానికి అసలువిగానే ఉంటే యజమాని పూచీ అక్కడితో తీరిపోతుంది. ముఖం చూసి, యాస విని, ఇంకో కాగితం తెమ్మంటే అది వివక్ష కింద తిరిగి ఆయన మెడకే చుట్టుకుంటుంది. కాబట్టి ఫారం నింపించి, సంతకం పెట్టించి, బీరువాలో పెడతారు. రేపు అధికారులు వస్తే "నాకేం తెలుసు?" అంటారు. పెద్ద కంపెనీలైతే ఆ ఫారం కూడా తమ దగ్గర పెట్టుకోవు, కూలీలను కాంట్రాక్టరు తెస్తాడు. సిరక్యూస్ యూనివర్సిటీలో ప్రభుత్వ కేసుల లెక్కలు తీసే బృందం ఒకటి ఉంది. 2018 ఏప్రిల్ నుంచి 2019 మార్చి వరకు, అంటే ట్రంప్ మొదటి విడత మధ్యలో, అమెరికా మొత్తమ్మీద ఈ నేరానికి కేసు పడ్డది పదకొండు మంది మీద అని వాళ్ళు లెక్క తేల్చారు. కంపెనీల మీద ఒక్కటి కూడా లేదు.

కంప్యూటర్ తనిఖీ అంటే ఇ-వెరిఫై. అరిజోనాలో 2008 నుంచి యజమానులందరికీ తప్పనిసరి, 2011లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. ఆ యంత్రం పేరూ నంబరూ సర్కారు రికార్డుతో సరిపోయాయా అని చూస్తుంది. ఆ నంబరు ఎదురుగా నిలబడ్డ మనిషిదేనా అన్న సంగతి దానికి చాలాసార్లు తెలియదు. ఇంకొకరి అసలు వివరాలతో వచ్చినా పచ్చలైటు వెలగొచ్చు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని పాయింటు. "దెబ్బ యజమానికే గానీ కూలీకి కాదు."

మా చిన్నాయనది జగిత్యాల దగ్గర ఊరు. 2010లో ఆజాద్ వీసా, అంటే ఎక్కడైనా పని చేసుకోవచ్చు, అని చెప్పి ఏజెంటు సౌదీ పంపాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టారు. రియాద్‌లో దిగాక కఫీల్, అంటే వీసా ఎవరి పేరు మీద వచ్చిందో ఆ యజమాని, పాస్‌పోర్ట్ తీసుకున్నాడు, రెండేళ్ళు నెలనెలా డబ్బు గుంజాడు, ఇక ఇవ్వలేనంటే హురూబ్ రాయించాడు. అంటే "నా మనిషి పారిపోయాడు" అని సర్కారుకు ఫిర్యాదు. ఆ ఒక్క ఫిర్యాదుతో అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, చెల్లదు. మనిషి ఎక్కడికీ పారిపోలేదు, అదే గదిలో అదే మంచం మీద పడుకొని ఉన్నాడు. తెల్లారేసరికి ఖల్లివల్లి అయిపోయాడు. గల్ఫ్ నుంచి వచ్చిన ఎవరినైనా అడగండి, ఈ మాటకు అర్థం చెప్తారు. కాగితాలు లేనివాడు, ఎవరికీ పట్టనివాడు.

ఆ తర్వాత ఒక టైల్స్ కాంట్రాక్టర్ దగ్గర చేరాడు. కాగితాలున్నవాళ్ళకు నెలకు 1,200 రియాళ్ళు, ఈయనకు 1,000. సరే అనుకున్నాడు. 2013లో సౌదీ, కంపెనీల్లో స్థానికులకు వాటా ఉండాలన్న నితాకత్ పేరుతో గట్టిగా దిగింది. దొంగచాటుగా పని ఇచ్చేవాడికి జరిమానా లక్ష రియాళ్ళ దాకా, రెండేళ్ళ వరకు జైలు అని ప్రకటించింది. అచ్చం ఈ మెసేజ్ కోరుకుంటున్నట్టే! కాంట్రాక్టర్ మర్నాడే ఖల్లివల్లి వాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పాడట, మీ వల్ల నాకు లక్ష రియాళ్ళ టెన్షన్, ఈ నెల నుంచి ఒక్కొక్కరికి 700 మాత్రమే అని. చిన్నాయన దగ్గర ఒక చిన్న డైరీ ఉండేది, అరచేతిలో పట్టేంత. దాన్ని నేను చూశాను. మే 700, జూన్ 700, జూలై 700. ఆగస్టుకు ఎదురుగా చిన్న సున్నా. సెప్టెంబరుకు ఇంకో సున్నా. చెకింగులు ఎక్కువైనయి, డబ్బులు తర్వాత అన్నాడట. అడిగితే ఫోన్ తీసి "పోలీసులకు కొట్టాల్నా?" అనేవాడు. "ఎవనికి చెప్పుకోవాలె బిడ్డా, ఠాణాకు పోతే నేనే దొరుకుత గద" అని చిన్నాయన నాతో అన్నది ఒక్కసారే. అక్టోబరులో, కాగితాలు లేనివాళ్ళు శిక్ష లేకుండా పోవడానికి సర్కారు ఇచ్చిన క్షమాభిక్ష గడువు ముగిసేలోపు, ఔట్‌పాస్ (పాస్‌పోర్ట్ చేతిలో లేనివాళ్ళకు ఇంటికి పోవడానికి ఇచ్చే కాగితం) మీద శంషాబాద్‌లో దిగాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో రెండు జతల బట్టలు, ఆ డైరీ.

జరిమానా యజమానికి వేశారు. కట్టింది ఎవరు?

జరిమానా పెరిగితే యజమాని దాన్ని రిస్కు ఖర్చు కింద లెక్క వేసుకుంటాడు, ఆ ఖర్చు ఎదురు మాట్లాడలేనివాడి జీతంలో నుంచి కోస్తాడు. ఇందులో అర్థం కానిది ఏముంది? "నీకు పని ఇచ్చి నేను ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నా" అనే మాట యజమాని నోటికి వచ్చిందంటే ఇక ఓవర్‌టైం లేదు, సెలవు లేదు, దెబ్బ తగిలితే ఆసుపత్రి లేదు. అమెరికాలోనూ ఇదే తీరు. కాలిఫోర్నియాలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ యూనియన్‌కు మద్దతు ఇచ్చాడని ఒక కార్మికుణ్ణి తీసేసింది. తీసెయ్యడం చట్టవిరుద్ధమే. కానీ అతని కాగితాలు సరైనవి కావు కాబట్టి పోయిన జీతం ఇవ్వాల్సిన పని లేదని 2002లో అక్కడి సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురు తేడాతో చెప్పేసింది. అంటే కాగితాలు లేనివాణ్ణి అన్యాయంగా తీసెయ్యడమే చవక అని యజమానులందరికీ తెలిసిపోయింది.

2019 ఆగస్టు 7న మిసిసిపీలో ఏడు కోళ్ళ ప్లాంట్ల మీద దాడి చేసి 680 మంది కార్మికులను పట్టుకెళ్ళారు. కొందరి పిల్లలకు అది బడి మొదటి రోజు. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ లేదు. మేనేజర్ల మీద అభియోగాలు నమోదయ్యింది సరిగ్గా ఏడాది తర్వాత, అదీ నలుగురి మీద. ఆ ప్లాంట్లలో ఒకదానిలో ఆడవాళ్ళను వేధించారని, కార్మికులను భయపెట్టి డబ్బు గుంజారని వచ్చిన కేసులో కంపెనీ ఆ దాడికి ఏడాది ముందే 37.5 లక్షల డాలర్లకు రాజీ పడింది. నోరు తెరిచి చెప్పుకున్నందుకే మా మీదికి వచ్చారా అని అక్కడివాళ్ళు అనుకుంటే తప్పు పట్టగలమా? వచ్చినవాళ్ళు అందుకే వచ్చారో లేదో నేను చెప్పలేను. కానీ ఇలాంటిది చూసిన ఇంకో ప్లాంటులో ఇంకో ఆడమనిషి ఫిర్యాదు రాస్తుందా?

"వాళ్ళంతట వాళ్ళే పోతారు" అన్నది కూడా చెప్పనివ్వండి. ఎలా పోతారు బాబూ? అప్పట్లో సౌదీ దాటాలంటే ఎగ్జిట్ వీసా మీద కఫీల్ ఒప్పుకోలు ఉండాలి. హురూబ్ రాసిన మనిషిని మళ్ళీ ఆ కఫీల్ కాళ్ళ దగ్గరికే పంపుతారా? అమెరికాలో 1996 చట్టం ప్రకారం ఆరు నెలలకు పైగా కాగితాలు లేకుండా ఉండి బయటికి వెళ్తే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు తిరిగి రానివ్వరు. పెళ్ళాం పిల్లలు అక్కడుంటే ఎవడు కదులుతాడు? ఊళ్ళో అప్పు వడ్డీ పాకుతుంటే ఉత్త చేతులతో ఎవడు దిగుతాడు? పనులు మూసుకుపోతే మనిషి ఇంకా చీకటి పనిలోకి, ఇంకా తక్కువ కూలికి పోతాడు. ఇంటికి పోడు.

గల్ఫ్ చేసి చూపించిందన్న మాటకు జవాబు ఇంతకుముందే చెప్పాను. ఒక్కటి కలుపుతాను. యూఏఈ 2024లో ఈ జరిమానాను పెంచి కనీసం లక్ష, ఎక్కువలో ఎక్కువ పది లక్షల దిర్హమ్‌లు చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో క్షమాభిక్ష ప్రకటించి, రెండు నెలలని చెప్పి డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. 2018లోనూ ఇలాగే ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఇచ్చింది. జరిమానాతోనే ఒక్కడూ లేకుండా పోతే నాలుగైదు నెలల చొప్పున క్షమాభిక్ష ఎవరికి ఇచ్చినట్టు?

మన తెలుగువాళ్ళకు సంబంధం లేదట. ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా అధికారులే నడిపిన నకిలీ యూనివర్సిటీ వ్యవహారంలో 2019 జనవరిలో పట్టుబడ్డవాళ్ళలో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఈ హైదరాబాద్‌లో కొత్తగా చెప్పాలా? స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి చేయకూడదు. ఫీజు చాలక గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టుకు నగదు మీద నిలబడే పిల్లాడు దిల్‌సుఖ్‌నగర్ వాడూ అయి ఉంటాడు, కూకట్‌పల్లి వాడూ అయి ఉంటాడు. వాడు రేపు జీతం అడిగితే యజమాని ఏమంటాడో చిన్నాయన డైరీ చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. జీతాల గురించి ఆ మెసేజ్ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. చిన్నాయన 1,000కి, తర్వాత 700కి ఒప్పుకున్నప్పుడు అదే సైట్‌లో 1,200 తీసుకుంటున్న అకామా ఉన్న ఇద్దరిని కాంట్రాక్టర్ మాన్పించాడు. వాళ్ళలో ఒకాయన మెట్‌పల్లి అతను. ఆ సంగతి చెప్పేటప్పుడు చిన్నాయన తల వంచుకుంటాడు. కాగితాలు లేనివాడి చవక కూలి పక్కవాడి పొట్ట కొడుతుంది, నిజమే. ఇంకో నిజం కూడా ఆ మెసేజ్‌లో ఉంది. కూలీకి సంకెళ్ళు వేసి, వాడి చెమట మీద బతికినవాణ్ణి వదిలెయ్యడం అన్యాయం. 2025 ఫిబ్రవరి 5న 104 మందిని సైనిక విమానంలో చేతులూ కాళ్ళూ కట్టి అమృత్‌సర్‌లో దింపినప్పుడు నాకూ అదే అనిపించింది. వీళ్ళతో పని చేయించుకున్నవాళ్ళు ఏరి?

కాబట్టి యజమానిని వదిలెయ్యమని నేను అనడం లేదు. పట్టుకోవలసింది దేనికి? కాగితం చూడనందుకు పట్టుకుంటే వాడు కాగితం చూపించి తప్పించుకుంటాడు. జీతం ఎగ్గొట్టినందుకు, పాస్‌పోర్ట్ దాచినందుకు, దొంగ హురూబ్ రాయించినందుకు పట్టుకోండి. అమెరికా కనీస వేతన చట్టం కాగితాలు ఉన్నవాడికీ లేనివాడికీ ఒక్కలాగే వర్తిస్తుంది. చేసిన పనికి కూలి ఇవ్వాల్సిందే. అడగడానికి భయం లేకుండా చేస్తే చాలు. 2023 జనవరిలో, యజమాని మీద కార్మిక చట్టం కేసుల్లో సాక్ష్యం చెప్పేవాళ్ళకు తాత్కాలిక రక్షణ ఇచ్చే దారి ఒకటి అక్కడి ప్రభుత్వమే తెరిచింది. ఖల్లివల్లి వాడికీ 1,200 ఇవ్వక తప్పదని, ఎగ్గొడితే వాడే వచ్చి కేసు పెడతాడని తెలిస్తే ఆ కాంట్రాక్టర్ మెట్‌పల్లి అతన్ని మాన్పించేవాడా? మన వైపు చూస్తే, ఏజెంటు తీసుకోగలిగిన రుసుము 30,000 రూపాయలూ దాని మీద జీఎస్టీ అని నిబంధన ఉంది. లక్షలు గుంజేవాళ్ళ గురించి పది మందికి పంపమని ఎవరూ ఎందుకు రాయరు?

బావా, నీకు ఫోన్ చేస్తే "మామ సంగతి వేరు" అన్నావు. ఏమీ వేరు కాదు. ఆ డైరీ ఇప్పటికీ బీరువాలో ఉంది. నెలకు 300 కోత, ఐదు నెలలకు 1,500. పూర్తిగా ఎగ్గొట్టిన రెండు నెలలకు 1,400. మొత్తం 2,900 అని రాసి కింద రెండు గీతలు గీశాడు. కాంట్రాక్టర్ దొరికి లక్ష రియాళ్ళు కట్టాడే అనుకో, అవి సర్కారు ఖజానాకు పోతాయి. ఈ 2,900 ఎవరు ఇస్తారు? ముందు ఆదివారం ఇంటికి వచ్చి ఆ పేజీ చూడు, మామతో కూర్చుని చాయ్ తాగు. అప్పటికీ ఆ మెసేజ్ సరైనదే అనిపిస్తే ఆయన ముందే గ్రూపులో మళ్ళీ పెట్టు.