గారడీ అని తీసిపారేస్తే ఎలా?

ట్రిక్ షాట్ల వీడియో ఎదురుపడని ఫోన్ ఇప్పుడు దాదాపు లేదు. పూల్ బల్ల మీద తెల్ల బంతి నేరుగా వెళ్తున్నట్టే వెళ్లి, ఉన్నట్టుండి వంకర తిరిగి, అడ్డమున్న వాటిని తప్పించుకుని, మూలనున్న బంతిని పాకెట్‌లోకి నెడుతుంది. నోరెళ్లబెట్టి చూస్తాం, నలుగురికి పంపిస్తాం, ఆ వెంటనే తీర్పు కూడా చెప్పేస్తాం: "బాగానే ఉంది గానీ, ఇది ఆట కాదు కదా, గారడీ!" పూల్, స్నూకర్ (రెండూ బిలియర్డ్స్ కుటుంబపు ఆటలే) ఆడేవాళ్లలో ఈ చిన్నచూపు మరీ ఎక్కువ. ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు ఆటగాడు, ఊరూరా తిరిగి షాట్లు చూపించేవాడు సర్కస్‌వాడు. నా వాదన దీనికి పూర్తిగా తలకిందులు. ఇవాళ ఛాంపియన్లు ఆడుతున్న ఆటలో సగం ఈ సర్కస్‌వాళ్లు పెట్టిన భిక్ష.

మైక్ మాసీ పేరు మన దగ్గర పెద్దగా తెలియదు. 1947లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, లౌడన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 'టెనెసీ టార్జాన్' అని బిరుదు. టోర్నమెంట్లు ఆడలేక షోల్లోకి వచ్చిన బాపతు కాదు, మామూలు పూల్‌లోనూ గట్టివాడే. కానీ జీవితంలో ఎక్కువ భాగం రోడ్డు మీదే గడిచింది: ఇవాళ ఒక ఊరి పూల్ హాలు, రేపు ఇంకో ఊరు, ఆపైన ఇంకో దేశం.

అతని చేతివేళ్ల పని చూడాలి. క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, పక్కన పెట్టేసి, తెల్ల బంతిని బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి, చిటిక వేసినట్టు మెలితిప్పి వదులుతాడు. బంతి గిర్రున తిరుగుతూ ముందుకు జారుతుంది. ఆ జారుడు తగ్గి, తిరుగుడు బల్ల మీది గుడ్డని పట్టుకోగానే, వెళ్తున్న దారి మానేసి పక్కకి మళ్లుతుంది, అడ్డు చుట్టి వచ్చి అవతలి బంతిని తాకుతుంది. క్యూతో కొట్టేవాటిలో అతనికి పేరు తెచ్చింది బూటు షాట్. బల్లకి దూరంగా నేల మీద ఒక కౌబాయ్ బూటు పెట్టి, బల్ల మీది బంతిని గాల్లోకి లేపి అందులో పడేస్తాడు. మామూలు ఆటలో బంతి బల్ల దాటితే ఫౌల్. ఆ ఫౌల్‌కే జనం చేత చప్పట్లు కొట్టించిన మనిషి ఇతను.

ఇంకోవైపు, 24 గంటల్లో 11,230 బంతులు పాకెట్లలో వేసిన రికార్డూ మాసీదే. లెక్క వేసి చూడండి, ఎనిమిది సెకన్లు నిండకముందే ఒక బంతి, పగలంతా, రాత్రంతా. దీన్ని కూడా గారడీ అనేవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. 2000లో ఈఎస్‌పీఎన్ చానల్ ట్రిక్ షాట్ల పోటీ మొదలుపెడితే తొలి విజేత అతనే. 2005లో అమెరికా బిలియర్డ్ కాంగ్రెస్ వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. వ్యవస్థకి ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే తెలివొస్తుంది.

అవతలివాళ్ల మాటా వినాలి. చాలా ట్రిక్ షాట్లలో గొప్పతనమంతా బంతులు పేర్చడంలోనే ఉంటుంది. 'బటర్‌ఫ్లై' అని ఒక పాత షాట్ ఉంది. ఆరు బంతుల్ని సీతాకోకచిలుక రెక్కల్లా ఒకదానికొకటి ఆనించి పేర్చి, తెల్ల బంతితో ఒక్కటిస్తే ఆరూ ఆరు పాకెట్లలోకి పోతాయి. పేర్పు కుదిరితే నిన్న క్యూ పట్టుకున్న కుర్రాడు కూడా కొట్టగలడు. ఎదురుగా ప్రత్యర్థి లేడు, ఓడిపోతామన్న టెన్షన్ లేదు, తప్పితే మళ్లీ పేర్చుకోవచ్చు. వీడియో అయితే తప్పినవన్నీ కోసేసి, తగిలిన ఒక్కటే చూపించొచ్చు. ఇదంతా నిజమే.

నిజమే గానీ, ఇలా అనేవాళ్లని తెలియని బల్ల దగ్గరికి తీసుకెళ్లి అదే బటర్‌ఫ్లై పేర్చమనండి చూద్దాం. తిరిగేవాడికి తన బల్ల అంటూ ఉండదు. కొత్త గుడ్డ మీద బంతి ఎక్కువసేపు జారుతుంది కాబట్టి వంపు ఆలస్యంగా వస్తుంది, అరిగిన గుడ్డ ముందే పట్టేస్తుంది. బంతులు మురికిగా ఉంటే తాకిన చోట ఒకదాన్నొకటి కొంచెం ఈడుస్తాయి. ఆ మేరకు పేర్పుని వెంట్రుకవాసి మార్చుకోకపోతే, ఐదో బంతో ఆరో బంతో పాకెట్ మూతి దాకా వెళ్లి ఆగిపోతుంది. గాలిలో తేమ ఉంటే కుషన్ల (బల్ల అంచున బంతి తగిలి వెనక్కి వచ్చే రబ్బరు గోడల) తీరే వేరు. ఇవన్నీ షోకి ముందు నాలుగు బంతులు మెల్లగా దొర్లించి కనిపెట్టాలి. ఆ తర్వాత చుట్టూ జనం ఉండగా, మాటలతో నవ్విస్తూ కొట్టాలి. ఛాంపియన్‌కి ఒక ఫ్రేమ్ (మ్యాచ్‌లో ఒక విడత ఆట) పోతే ఇంకో ఫ్రేమ్ ఉంటుంది. ఇతనికి వరసగా నాలుగు తప్పితే జనం లేచి ఇంటికి పోతారు. ప్రత్యర్థి లేడన్న మాట కూడా పాతబడింది. ఆర్టిస్టిక్ పూల్ పేరుతో ఇప్పుడు ఎనిమిది విభాగాల్లో పోటీలు జరుగుతున్నాయి. ఒక్కో షాట్‌కి మూడే ప్రయత్నాలు, తప్పినకొద్దీ పాయింట్లు తగ్గుతాయి.

ఆ 'కుర్రాడు కూడా కొట్టగలడు' అన్న ఆక్షేపణ నాకు భలే ఇష్టం. ఎందుకంటే ఈ షోల్లో చాలాసార్లు జరిగేది అదే. ప్రదర్శకుడు బంతులు పేర్చి, ముందు వరసలో కూర్చున్న పిల్లనో పిల్లాడినో పిలిచి క్యూ చేతికిస్తాడు. కర్ర ఎలా పట్టుకోవాలో కూడా తెలియని పిల్ల కొడుతుంది, బంతులన్నీ మాయమైపోతాయి. ఆ పిల్ల మర్నాడు ఏ ఆట నేర్పమని ఇంట్లో గొడవ చేస్తుందో వేరే చెప్పాలా? ఏ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఈ పని చేస్తుంది?

కష్టం, సులువు సంగతి అలా ఉంచండి. ఆటని మార్చిందెవరన్నది అసలు ప్రశ్న. 19వ శతాబ్దం మొదలయ్యేదాకా క్యూ అంటే మొనకి తోలు లేని ఒట్టి కర్ర. బంతి నడిమధ్య తగలకపోతే జారిపోయేది. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా మింగో అనే సైనికాధికారి, రాజకీయ కారణాలతో జైల్లో ఉన్న రోజుల్లో క్యూ మొనకి తోలు బిళ్ల అతికించాడని బిలియర్డ్స్ చరిత్రకారులు చెబుతారు. బయటికొచ్చి ఏం చేశాడు? షాట్లు చూపించాడు. బంతి కిందిభాగంలో కొడితే ఎదుటి బంతిని తాకి వెనక్కి రావడం, క్యూని దాదాపు నిలువుగా పట్టి కొడితే బంతి వంపు తిరగడం జనానికి వింత. బంతికి దెయ్యం పట్టిందన్నారనే కథలు కూడా ఉన్నాయి. 1827లో తన షాట్లన్నిటినీ బొమ్మలతో పుస్తకంగా వేశాడు. ఇవాళ తెల్ల బంతిని వెనక్కి లాగి తర్వాతి బంతికి అనువుగా పెట్టుకోవడం రాకపోతే స్నూకర్‌లో మొదటి రౌండు కూడా దాటలేరు. ఒకప్పుడు అది ట్రిక్ షాట్.

ఇంగ్లండ్‌లో బాత్ పట్టణపు జాన్ కార్ కథ ఇంకా సరదా. బిలియర్డ్స్ హాల్లో స్కోరు లెక్కపెట్టే మార్కర్ అతను. బంతిని పక్కకి తిప్పే షాట్లు కొట్టి చూపించి, ఇదంతా నా దగ్గరున్న పొడి మహిమ అని చెప్పి, చిన్న చిన్న డబ్బీల్లో పోసి ఒక్కోటీ అర క్రౌనుకి (అప్పటి ఇంగ్లండ్ నాణెం) అమ్మేవాడట. డబ్బీలో ఉన్నది ఒట్టి సుద్దపొడి! సంతలో సర్వరోగ నివారిణి అమ్మేవాడి తెలివితేటలే గానీ, ఈ మందు మాత్రం పనిచేసింది. తోలు మొనకి సుద్ద రాస్తే నిజంగానే జారదు. ప్రపంచ ఛాంపియన్ ఇవాళ షాట్ షాట్‌కీ ఆగి చాక్ రుద్దుకుంటున్నాడంటే, ఆ మార్కర్ వ్యాపారం ఇంకా మూతపడలేదన్నమాట.

నన్ను అన్నిటికన్నా ఊపేసేది మాత్రం గాస్పార్ కొరియోలిస్. పారిస్ గణిత శాస్త్రవేత్త. మింగో ఆటని గమనించినవాళ్లలో ఒకడు. తిరుగుతూ జారే బంతి ఎప్పుడు వంగుతుంది, ఎంత వంగుతుంది అని లెక్కలు కట్టి, ఆ వంపు పారాబోలా అని తేల్చి, 1835లో ఏకంగా బిలియర్డ్స్ గణితం మీద గ్రంథం అచ్చేశాడు. తిరిగే వ్యవస్థల్లో కదలికల మీద అతని ప్రసిద్ధ పత్రం కూడా అదే ఏడాదిది. బంగాళాఖాతంలో తుపాను గడియారం ముల్లుకి ఎదురు దిశలో ఎందుకు సుడి తిరుగుతుందో వాతావరణ నిపుణులు వివరించేటప్పుడు 'కొరియోలిస్ ప్రభావం' అంటారే, ఆ కొరియోలిస్సే ఈయన. తుపాను సిద్ధాంతం పూల్ బల్ల మీద పుట్టిందని అనను, అంత అతి చెయ్యను. కానీ అంతటి బుర్ర బంతుల వెంట పడిందంటే, అందులో ఒక మాజీ ఖైదీ విన్యాసాల వాటా తక్కువేం కాదు.

20వ శతాబ్దంలో అమెరికాలో చార్లెస్ పీటర్సన్ అని ఒకాయన 'బిలియర్డ్స్ మిషనరీ' అనిపించుకున్నాడు. కాలేజీలకి వెళ్లి ఆట చూపించేవాడు. అతని సవాలు ఒకటే: "నేను కొట్టలేని షాట్ ఉంటే చూపించండి." ఈ మాట వినగానే తెలుగువాడికి అవధానం గుర్తుకు రాకపోతే ఇంకేం గుర్తుకొస్తుంది? సమస్య మీరివ్వండి, పూరణ నాది. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి అంటూ సంస్థానాలు తిరిగి సభలు చేశారు. అవధానం కవిత్వం కాదు, కసరత్తు అని మూతి విరిచేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సరే, కసరత్తే అనుకుందాం. ఆ జంటలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారి శిష్యుడే కదా, తెలుగుకి తొలి జ్ఞానపీఠం తెచ్చిన విశ్వనాథ సత్యనారాయణ. పద్యాన్ని పండితులు కాపాడి ఉండొచ్చు, దాని చుట్టూ జనాన్ని పోగుచేసింది మాత్రం అవధానులు.

పెద్ద ఆటగాళ్ల సంగతి వేరంటారా? విల్లీ మొస్కోనీకన్నా పెద్ద పేరు పూల్‌లో లేదు. 1941 నుంచి 1957 మధ్య 15 సార్లు ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఫిలడెల్ఫియాలో తండ్రికి పూల్ హాలుండేది. కొడుకు ఈ ఆటలో పడకూడదని బంతులు దాచేస్తే, వంటింట్లోని గుండ్రటి బంగాళాదుంపల్ని చీపురు కర్రతో కొట్టి సాధన చేశాడు. ఇంతటివాడి పేరు చెప్పగానే అందరూ తలుచుకునే అంకె 526. ఒక్కటీ తప్పకుండా వరసగా వేసిన బంతులవి. ఏ ప్రపంచ ఫైనల్లో వేశాడనుకుంటున్నారు? 1954 మార్చిలో, ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఒక ప్రదర్శన మ్యాచ్‌లో! బల్లలు తయారుచేసే బ్రన్స్‌విక్ కంపెనీ తరఫున ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగిన మనిషి ఆయన. ఆ రికార్డు 2019లో జాన్ ష్మిట్ 626 కొట్టేదాకా 65 ఏళ్లు నిలబడింది. ప్రదర్శన వేరు, ఆట వేరు అనేవాళ్లు ముందు ఆ 526ని చరిత్రలోంచి కొట్టేసి రావాలి. విచిత్రమేమిటంటే, మొస్కోనీకి కూడా మాటకారి షోమాన్లంటే ఒళ్లు మంట. 1978లో 'మినెసోటా ఫ్యాట్స్'గా చలామణి అయిన రుడాల్ఫ్ వాండరోన్‌ని టీవీలో చిత్తుగా ఓడించాడు. గెలుపు మొస్కోనీది, నవ్వులన్నీ ఫ్యాట్స్‌వి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం, నా అసలు బాధ ఇక్కడే ఉంది. స్నూకర్ పుట్టింది 1875లో మన జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో. వ్యక్తిగత క్రీడల్లో దేశానికి తొలి ప్రపంచ టైటిల్ తెచ్చింది 1958లో కలకత్తాలో బిలియర్డ్స్ గెలిచిన విల్సన్ జోన్స్. ఆ తర్వాత గీత్ సేఠీ, ఆ తర్వాత 20కి పైగా ప్రపంచ టైటిళ్ల పంకజ్ అద్వానీ. మెడళ్ల లెక్కే లెక్కయితే ఈ ఆట మన దేశంలో వెలిగిపోతూ ఉండాలి. ఏదీ? ఒకవైపు మెంబర్లకి తప్ప ఎవరికీ తెరుచుకోని క్లబ్బు తలుపుల వెనక ఉంది. ఇంకోవైపు ఏ కాంప్లెక్స్ రెండో అంతస్తులోనో, క్లాసులు ఎగ్గొట్టిన కుర్రాళ్ల అడ్డాగా ఉంది. స్నూకర్ పార్లర్ దగ్గర కనపడ్డాడని తెలిస్తే మన ఇళ్లలో పడే తిట్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ల ప్రపంచ టైటిళ్లు ఆ చెడ్డపేరుని గోరంత కూడా చెరపలేకపోయాయి. మెడల్ వస్తే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, అంతే. పంతొమ్మిదేళ్ల కుర్రాడి ఎదుట నిలబడి, ఇదిగో ఇలా పట్టుకో అని చూపించే మనిషి ఎవరూ ఆ ఊరికి రాలేదు.

ఇది మనకి తెలియని విద్యేం కాదు. శ్రీకాకుళం స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరుంది. ఆయన ఒలింపిక్ మెడలేమీ తేలేదు. వీరఘట్టంలో పుట్టి, సొంత సర్కస్ కంపెనీతో దేశం తిరిగి, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంచి, రొమ్ము మీద ఏనుగుని నిలబెట్టుకుని చూపించాడు. సర్కస్‌వాడి పేరు స్టేడియానికి పెట్టుకున్నాం గానీ, అలా తిరిగే ఆటగాడికి ఇవాళ దారి ఎక్కడుంది? నగదు బహుమతి మెడల్ రంగుని బట్టి ఇస్తాం, ఉద్యోగం సర్టిఫికెట్ చూసి ఇస్తాం. రిటైరైన ఆటగాడొకడు వచ్చి, డిగ్రీ కాలేజీలు తిరిగి ఆట చూపిస్తాను, ఖర్చులిప్పించండి అంటే ఏ అధికారి ఏ కాగితం మీద సంతకం పెడతాడు?

అంత పెద్ద ఖర్చు కూడా కాదు. తొమ్మిదడుగుల పూల్ బల్లలో రాతిపలక సాధారణంగా మూడు ముక్కలుగా వస్తుంది. విప్పి వ్యాన్‌లోకి ఎక్కించి, మర్నాడు ఇంకో ఊళ్లో లెవెల్ చూసుకుని బిగించొచ్చు. కాలేజీ సెమినార్ హాల్లో కుర్చీలు పక్కకి జరిపితే చోటు సరిపోతుంది. క్రీడా శాఖలు నిజంగా ఈ పనికి పూనుకుంటే మొదటి టూర్ పాడేరులోనూ ఆదిలాబాద్‌లోనూ పెట్టాలి. హైదరాబాద్ క్లబ్బులకి ఎలాగూ బల్లలున్నాయి.