ఐస్ ఫ్యాక్టరీలో అందరం ఏడ్చాం

నిన్నటి నుంచి మా ఆవిడ ఉల్లిపాయ కోసినా నాకు ఆ ఐస్ ఫ్యాక్టరీనే గుర్తొస్తోంది.

ఆఫీసువాళ్ళు పొద్దున్నే ఒక కెమెరా పెట్టె చేతికిచ్చి, ఐస్ ఫ్యాక్టరీలో ఐసు గడ్డకట్టించే అమ్మోనియా గ్యాసు లీకు ఎక్కడుందో పట్టుకు రమ్మన్నారు. నెల్లూరులో బస్సెక్కి కావలి దగ్గర దిగాను. కంటికి కనబడని గ్యాసును ఈ కెమెరా తెరమీద పొగలా చూపిస్తుందని దారి పొడవునా ఓనరుకు ఫోన్లో ఊదరగొట్టాను కూడా.

కంప్రెసర్ రూములో అడుగుపెట్టగానే ముక్కు అదిరిపోయింది. స్విచ్చి నొక్కాను. లోపలి సెన్సరు దాదాపు మైనస్ 190 డిగ్రీలకు చల్లబడితే గానీ ఈ కెమెరా పని మొదలెట్టదు. ఏడెనిమిది నిమిషాలు జుయ్యిమంటూ కూర్చుంటుంది. ఐస్ ఫ్యాక్టరీకొచ్చి, నా చేతిలోది గడ్డకట్టేదాకా కాచుకోవడం! ఓనరు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఐసు మోసే కుర్రాళ్ళు గుమ్మం దగ్గర, పెళ్ళికూతుర్ని సాగనంపే చుట్టాల్లా వరసగా నిలబడి ముక్కులు చీదుతున్నారు. నా కళ్ళనీళ్ళలో తెర రెండుగా కనబడుతోంది. ఆ రెండింట్లోనూ పైపులు చూశాను, వాల్వులు చూశాను. పొగన్నది లేదు.

గొంతు సవరించుకుని, "లీకేమీ లేదండీ" అన్నాను.

"మరి మేమందరం ఎందుకు ఏడస్తుండాం నాయనా?" అన్నాడు ఓనరు.

ముసలి ఆపరేటరు మాట్లాడకుండా గంధకం వత్తి వెలిగించి వాల్వుల చుట్టూ తిప్పాడు. మూడో వాల్వు గ్లాండు దగ్గర తెల్లటి పొగ గుప్పుమంది. స్పానరుతో బిగించేశాడు.

అప్పుడు చదివాను పెట్టెమీది చీటీ. అది 3.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, కంటికి కనబడని పరారుణ కాంతిలో చూసే రకం, మీథేన్, ప్రొపేన్ లాంటివాటికి. అమ్మోనియా చిక్కాలంటే 10 మైక్రాన్లు దాటిన రకం కావాలి. ఇండెంటులో అమ్మోనియా అని రెండుసార్లు రాసి, కింద గీత కూడా గీశాను. స్టోర్సుకు ఫోన్ చేస్తే, "రెండు పెట్టెలూ ఒకటే రంగు సార్" అని తీరిగ్గా చెప్పాడు. రంగు చూసి ఇచ్చాడట, చీరల కొట్లో లాగా. బయల్దేరేముందు నేనూ చీటీ చదవలేదనుకోండి, అది వేరే సంగతి.

పెట్టె సర్దుకుంటుంటే ఓనరు అడ్డమొచ్చాడు. "ఫొటో అన్నా వస్తదా దాంట్లో?"

అందరినీ నిలబెట్టి తీశాను. చీది చీది తడిసిన ముక్కులు చల్లబడ్డాయేమో, వేడిని తెల్లగా, చల్లదనాన్ని నల్లగా చూపే ఆ తెరమీద తెల్లటి మొహాల మధ్య ముక్కు ఒక్కటే నల్లగా పడింది అందరికీ. ఓనరు దాన్నే వాట్సాప్ డీపీగా పెట్టుకున్నాడు.