మూడున్నర టన్నుల వానప్రస్థం

బుధవారం మధ్యాహ్నం ఒక మహానుభావుడు మా బంకులో బండి ఆపి, చుక్క డీజిల్ కొట్టించుకోకుండా, "నీళ్ళ కుళాయి ఎక్కడ మేట్?" అని అడిగాడు. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నా ఉద్యోగం దక్షిణ ఆస్ట్రేలియాలో, స్టూవర్ట్ హైవే మీద, గ్లెండాంబో ప్రాంతపు రోడ్‌హౌస్ (అంటే బంకు, హోటలు కలిసిన మజిలీ) కౌంటర్‌లో. పట్నాలకు దూరంగా ఉండాలనే రీజనల్ వీసా పుణ్యం. గ్లెండాంబో ఊరి బోర్డు మీద మనుషులు 30, గొర్రెలు 22,500, ఈగలు 20 లక్షలు అని రాసిపెట్టారు. కారవాన్ల (కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇళ్ళ) లెక్క రాయలేదు. మర్యాదస్థులు.

అన్నీ వదిలేసి అడవికి పోవడమే వానప్రస్థం అని మా తాత చెప్పేవాడు. పాపం, ఆయన గ్రే నోమాడ్లను, అంటే ఇక్కడి నెరిసిన జుట్టు దేశదిమ్మరులను, చూడలేదు. వీళ్ళు రిటైరయ్యాక అన్నీ కారు వెనక తగిలించుకుని పోతారు. ఫ్రిజ్జు, ఏసీ, టీవీ, వాషింగ్ మెషీన్, డబుల్ కాట్, దాని మీద కుక్క. వెరసి మూడున్నర టన్నుల వైరాగ్యం. బియ్యం నుంచి టాయిలెట్ పేపరు దాకా పట్నంలోనే కొని నింపుకుంటారు కాబట్టి దారిలో ఏ ఊరికీ వీళ్ళ వల్ల పైసా నష్టం ఉండదు. లాభమూ ఉండదు. సత్రం భోజనం, మఠం నిద్ర.

మన బుధవారం స్వామి రేటు బోర్డు చూసి, "పోర్ట్ అగస్టా టౌన్లో ఇంతకన్నా చాలా తక్కువ" అన్నాడు.

"అవునండీ, అది పోర్ట్ అగస్టా" అన్నాను.

ఆయన దీని మీద కాసేపు ధ్యానం చేశాడు. తర్వాత టాయిలెట్‌కి వెళ్ళొచ్చాడు. టైర్లకు గాలి కొట్టుకున్నాడు. మూడు రోజుల చెత్త మా డబ్బాలో వేశాడు. వాళ్ళావిడ వైఫై పాస్‌వర్డ్ అడిగింది. కుక్క మా ఏకైక పూలకుండీని అభిషేకించింది. ఇంతలో వెనకనుంచి జలజలమని చప్పుడు. వెళ్ళి చూస్తే మా కుళాయికి పైపు తగిలించి కారవాన్ ట్యాంకులు నింపుతున్నాడు. నిండాక, మిగిలిన ధారతో అద్దం మీద చచ్చిన ఈగల్ని కడిగాడు. ఆ 20 లక్షల్లో ఓ వంద తగ్గుంటాయి.

ఇక్కడ నాకు నవ్వు రాదు. మా బోరులో పడేది ఉప్పునీరు. డీజిల్ జనరేటర్ తిప్పి, ఆ ఉప్పు తీస్తే గానీ గొంతు దిగదు. పైనున్న కూబర్ పీడీ ఊళ్ళో మిషన్‌లో నాణెం వేస్తేనే నీళ్ళు. నేను అనంతపురం జిల్లాలో పుట్టినవాణ్ణి. మా అమ్మ ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి, ఎండలో కాపలా కూర్చునేది. ఒక్క బిందె కోసం జుట్లు పట్టుకోవడం కళ్ళారా చూశాను. లక్ష డాలర్ల బండికి అద్దం కడగడానికి ఆ నీళ్ళా? సిగ్గుండక్కర్లా? 53.5 మీటర్ల రోడ్ ట్రెయిన్ (వరసగా ట్రెయిలర్లు తగిలించిన లారీ) తోలుకొచ్చే డ్రైవర్ స్నానానికి డబ్బులిచ్చి, కాఫీ తాగి, కప్పు తనే తెచ్చి కౌంటర్ మీద పెడతాడు!

తెల్లవాళ్ళనే ఎందుకు అనాలి? పోయిన నెల మెల్‌బోర్న్ నుంచి అద్దె కారవాన్‌లో మనవాళ్ళు దిగారు. "అన్నా, మీది సీమా?" అని ఆప్యాయంగా అడిగి, ఆ ఆప్యాయతతోనే రెండు క్యాన్లు నింపుకుపోయారు.

సరే, బుధవారం కథలోకి వస్తాను. స్వామి ఒక్క లీటరు కూడా కొట్టించుకోకుండా ఉత్తరానికి కదిలాడు. గ్లెండాంబో దాటితే కూబర్ పీడీ దాకా 254 కిలోమీటర్లు డీజిల్ దొరకదు. ఎదురుగాలిలో కారవాన్ లాగే బండి డీజిల్‌ని మంచినీళ్ళలా తాగుతుంది.

సాయంత్రం అటునుంచి వచ్చిన రోడ్ ట్రెయిన్ డ్రైవర్ కాఫీ తీసుకుంటూ చెప్పాడు: దారిలో ఒక కారవాన్ ఆగిపోయి ఉందట. 40 లీటర్లు పంపమన్నాడట. డెలివరీ ఉచితమేనా అని కూడా కనుక్కోమన్నాడట.